‘కొంప కొల్లేరు’ – అర్థవిచారం

ఒక కుటుంబం పూర్తిగా చితికిపోయినదని చెప్పడానికి తెలుగువారు ‘కొంప కొల్లేరైంది’ అంటారు. ఇది సామెత కాదు, జాతీయం. ధ్వనిసామ్యం వల్ల ఇందులోని ‘కొల్లేరు’ను ‘కొల్ల’ (దోపిడి) శబ్దానికి ముడిపెట్టి, ‘ఇల్లు కొల్లపోయింది’ అని అర్థం చెప్పుకోవడం తేలిక. ఈ వ్యుత్పత్తి నిలవదు.

మొదటిది రూపం. ‘కొల్ల’కు కొల్లగొట్టు, కొల్లపోవు అనే క్రియలు సిద్ధంగా ఉన్నాయి, చివరి ‘ఏరు’ ఎక్కడిదో ఆ వాదం చెప్పలేదు. ‘కొల్లేటికోట’లోని ఔపవిభక్తిక రూపం ఉత్తరపదం ‘ఏరు’ అనే చూపుతున్నది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, ఉప్పుటేరు – ఆ సరస్సు చుట్టూ ఉన్న పేర్లన్నీ ఈ కోవలోనివే. ‘కళ్ళు చెరువులయ్యాయి’ వలె ఇదీ అభేదరూపకం: ఇల్లే కొల్లేరైంది.

అంతకంటె ముఖ్యమైనది ప్రయోగం. దోచేవాడు బయటివాడు. కొంపను కొల్లేరు చేసేవాడు సాధారణంగా ఇంటివాడే: తాగుబోతు, జూదరి, మాట వినని కొడుకు. పెదవేగి మెట్ట మీద కురిసిన వాన పల్లానికి దిగి చేరేది కొల్లేటికే. వచ్చే ఏరులు అనేకం; సముద్రానికి పోయే దారి సుమారు 60 కి.మీ. పొడవున్న ఉప్పుటేరు ఒక్కటే. కనుక నీరు త్వరగా చేరుతుంది, తీయడానికి రోజులు పడుతుంది. జాతీయంలోని నాశనం ఈ తీరుది: ముంచిన నీరు ఇంట్లోనే నిలిచిపోవడం.

కొల్లేటికోట ముట్టడి కథను ‘కొల్ల’ వాదానికి సాక్ష్యంగా తెచ్చినా ఫలితం లేదు. గజపతుల కోటను పట్టడానికి శత్రువులు సరస్సు నీటిని సముద్రానికి మళ్ళించే కాలువ తవ్వారనీ, కోట నాయకుడు కూతురు పేరంటాలును బలి ఇచ్చాడనీ స్థలకథ. పేరంటాలకనుమ పేరు ఆమెదే. ఆ కథలో కొల్లేరు రక్ష, వినాశం కాదు. పైగా దోచుకోవాలంటే ముందు కొల్లేరును లేకుండా చేయవలసి వచ్చింది!

ఈ విచారం పదాలతో తీరేది కాదు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చ.కి.మీ. అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు హద్దు ఎక్కడన్న వివాదం నేటికీ తెగలేదు. వానాకాలంలో కొల్లేరు ఇళ్ళ దాకా వస్తుందన్న అనుభవాన్ని ఈ నుడికారం దాచుకున్నది. ‘కొల్ల’ అర్థం దానిని చెరిపివేస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ ఇళ్ళలో రోజుల తరబడి నిలిచినది కొల్లేటికి పోవలసిన బుడమేటి నీరే.