లడ్డు ఎగిరిందా లేదా?

'మాయాబజార్' సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నాటకం మాత్రం పోయిన సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు, మా జేజిని వెంటబెట్టుకుని మొదటిసారి చూశాను. సురభి వాళ్లది. వెళ్లేముందే నా తీర్పు ఖరారైపోయింది: నాటకం బీటా వర్షన్, 1957లో కె.వి.రెడ్డి తీసింది ఫైనల్ రిలీజ్. ఫైనల్ చేతిలో ఉండగా బీటా ఎవరు వాడతారు?

ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరే చోట నాకు తీగ కనబడింది. ఒక లడ్డు గురితప్పి గడ్డానికి తగిలింది కూడా. ఈలలే ఈలలు. "తీగ కనబడతాంది జేజీ" అన్నాను నవ్వుతూ. "కనబడితే ఏమిరా, లడ్డు ఎగిరిందా లేదా?" అంది.

ఇంటికొచ్చి సినిమా మళ్లీ పెట్టాను. మార్కస్ బార్ట్లీ కెమెరా మాయలో అతుకు వెతికినా దొరకదు. దొరకదు కాబట్టి నాకు ఆశ్చర్యపోవడం తప్ప పనిలేదు. నాటకంలో తీగను చూసీ చూడనట్టు ఉండటం ప్రేక్షకుడి వాటా. ఆ వాటా సినిమా మనకివ్వదు.

పద్యం సంగతీ అంతే. ఆ రాత్రి ఘటోత్కచుడు పద్యం చివర రాగం తీస్తుంటే హార్మోనియం అతని కోసం ఆగింది, కథ ఆగింది. వెనకెవరో "వన్స్ మోర్" అన్నారు, మళ్లీ పాడాడు. రంగారావుకి మాధవపెద్ది సత్యం గొంతు ఎంత బాగా అమరినా, సినిమాలో పద్యం అయిపోగానే షాట్ మారిపోతుంది. దాన్ని నేను ఇన్నాళ్లూ పేసింగ్ అని మెచ్చుకున్నాను.

అలాగని సినిమాని తక్కువ చేయడం లేదు. మాయా శశిరేఖగా సావిత్రిని చూడండి. ఆడపిల్ల ఒంట్లో దూరిన రాక్షసుడు ఎలా నడుస్తాడో, ఎక్కడ పట్టుబడబోయి సర్దుకుంటాడో! ఇందులో కెమెరా చేసింది తక్కువ. మగవాళ్లే ఆడవేషం కట్టే రోజుల్లోనే సురభిలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు, కృష్ణుడి లాంటి మగవేషాలూ కట్టారు. ఈ రోజుకీ సినిమాలో నాకు పాతబడనిది ఆ స్టేజీ విద్యే. ట్రిక్కుల్ని ఇప్పుడు మెచ్చుకుంటాం గానీ నోరు తెరుచుకుని చూడం.

ఇదంతా మా పక్క వ్యవహారం కావడం వల్లేమో, కాస్త ఉక్రోషం కూడా ఉంది. 1885లో వనారస వాళ్లు 'కీచకవధ' ఆడిన సురభి కడప జిల్లాలోనిదే. పాత పేరు సొరుగు. విజయా వారి నాగిరెడ్డి పుట్టిన పొట్టిపాడూ ఈ జిల్లాదే. కె.వి.రెడ్డిది పక్కనున్న తాడిపత్రి. కానీ 'మాయాబజార్' ఎవరిదని మా ఆఫీసులో అడిగితే ఎన్టీఆర్ పేరో సావిత్రి పేరో వస్తుంది. సురభి పేరెత్తితే "ఆ సినిమాని వీళ్లు నాటకంగా వేస్తారు కదా" అన్నాడొకడు. వరస తిరగబడింది.

వాణ్ని మాత్రం ఏమనగలం? ఆ రాత్రి ఘటోత్కచుడు నవ్వింది అచ్చం ఎస్వీ రంగారావు నవ్వే. అదే విరుపు, అదే భుజాల కుదుపు. నాకు ప్రాణం ఉసూరుమంది. తిరుగు ఆటోలో జేజి మాత్రం మురిసిపోతా చెప్పింది: "ఏమన్నా నవ్వినాడా ఆ పిల్లోడు! అచ్చు రంగారావే."