ఆశ్రయమూ అధికారమూ: ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో దొరల పాలనాస్వరూపం

వ్యాససంగ్రహం: తెలంగాణ సంపన్న భూస్వామ్య కుటుంబాలను గురించి తెలుగు సాహిత్య అధ్యయనంలో రెండు కథనాలు స్థిరపడ్డాయి. ఒకటి వారిని కవిపండిత పోషకులుగా కీర్తిస్తుంది. మరొకటి వెట్టి చేయించుకున్న పీడకులుగా నిలదీస్తుంది. ఈ రెండూ ఒకే పాలనావ్యవస్థకు చెందిన పార్శ్వాలని దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవల ఆధారంగా ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కులీనపాలన, దొరతనం, గడీ, వెట్టి, ఆడబాప, సాహిత్య పోషణ.

1. ప్రవేశిక

కొద్దిమంది చేసే పాలనను అరిస్టాటిల్ రెండు విధాలుగా విభజించాడు. ఉత్తములైన కొద్దిమంది అందరి మేలు కోరి పాలిస్తే అది కులీనపాలన. ధనికులైన కొద్దిమంది తమ మేలు కోసమే పాలిస్తే అది దాని వికృతరూపం. అయితే ఏ పాలకవర్గమూ తనను తాను రెండో కోవలో చేర్చుకోదు. తన ఉత్తమత్వానికి వంశాన్నో, దానధర్మాలనో, దైవభక్తినో, కళాపోషణనో సాక్ష్యంగా చూపుతుంది. కాబట్టి పోషణను కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా చూడడం సరిపోదు. అది పాలనాధికారాన్ని సమర్థించే సాధనం కూడా.

2. దొరతనం: చారిత్రక నేపథ్యం

నిజాం రాజ్యంలోని భూమిలో దాదాపు 60 శాతం దివానీ కింద, 30 శాతం జాగీర్ల కింద, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. పైస్థాయిలో పాయిగా ప్రభువులు, జాగీర్దారులు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాధీశులు ఉండగా, పల్లెకు దగ్గరగా ఉన్నవారు దేశ్‌ముఖులు. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల వల్ల శిస్తు వసూలు ప్రభుత్వోద్యోగుల చేతికి వెళ్లింది. దేశ్‌ముఖులకు పరిహారంగా రుసుం దక్కింది. అంటే పేరుకు పదవి పోయింది. కానీ భూములు వారి పేర్ల మీదికి చేరాయి. పటేల్, పట్వారీ పదవుల ద్వారా పల్లె మీద పట్టు కొనసాగింది.

ఫ్రెంచి ప్రభువర్గం పాలనాబాధ్యతలు కోల్పోయి ప్రత్యేక హక్కులు మాత్రం నిలుపుకోవడం వల్ల ప్రజల ద్వేషానికి గురైందని టోక్విల్ 1856లో విశ్లేషించాడు. తెలంగాణ దొర స్థితి కొంత భిన్నమైనది. కాగితం మీద అతని బాధ్యత తగ్గినా, ఊళ్ళో పాలన అతని చేయి దాటలేదు. ఈ తేడాను చరిత్ర గ్రంథాల కంటే నవల స్పష్టంగా చూపగలిగింది.

3. గడీ: పాలనాకేంద్రం

‘చిల్లర దేవుళ్ళు’ నవలలో దొర గడీ ధనవంతుడి నివాసం మాత్రమే కాదు. తగవులు తీర్చేది అక్కడే, శిక్షలు పడేది అక్కడే, ఎవరు ఏ పనికి రావాలో నిర్ణయమయ్యేదీ అక్కడే. న్యాయం, పన్ను, శ్రమ అనే మూడు ప్రభుత్వ విధులు ఒకే గడప లోపల నడుస్తాయి. దొర పక్కన ఉన్న కరణం పాత్రను ఈ దృష్టితోనే చూడాలి. దొరది ఆజ్ఞ అయితే కరణానిది లెక్క. రాత తెలిసినవాడి తోడు లేనిదే వంశాధికారం భూమి మీద హక్కుగా మారదు.

ఈ పాలనకు భాష కూడా ఉంది. తెలంగాణ పల్లెల్లో ‘బాంచెను’ అన్న మాట వినయసూచకం కాదు. మాట్లాడేవాడు తన స్థాయిని తానే ప్రకటించుకునే పద్ధతి. నవలలో సంభాషణలను మాండలికంలో నడపడం వల్ల స్థానికత సిద్ధించిందని విమర్శకులు మెచ్చుకోవడం సహజం. అంతకన్నా ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. అధికారం ప్రతి పిలుపులోనూ ఎలా పునరుద్ధరణ పొందుతుందో ఆ మాండలికం వినిపిస్తుంది.

4. ఒకే కప్పు కింద సంగీతం, వెట్టి

కథలో కీలకమైన ఏర్పాటు సారంగపాణి రాక. బతుకుతెరువు కోసం వచ్చిన ఈ సంగీతకారుడికి దొర ఆశ్రయమిస్తాడు. దొర కూతురు మంజరికి సంగీతం నేర్పే పని అతనిది. సంప్రదాయ సాహిత్య చరిత్రలో ఇది పోషణ అనే శీర్షిక కిందికి వస్తుంది. అదే గడీలో వనజ అనే ఆడబాప ఉంటుంది. దొరబిడ్డల సేవకు, దొరల భోగానికి జీవితం అప్పగించాల్సి వచ్చిన స్త్రీల వ్యవస్థకు ఆమె ప్రతినిధి. విద్యను గౌరవించే చేయి, మనిషిని సొమ్ముగా ఉంచుకునే చేయి ఒక్కరివే కావడం ఈ నవల చెప్పిన అసలు సత్యం.

1960ల చివరి సంవత్సరాల్లో, దాదాపు ఒకే కాలంలో, ఈ నవలా, తూమాటి దొణప్ప సంస్థానాల సాహిత్య పోషణపై చేసిన బృహత్పరిశోధనా గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఒకటి ఆస్థానాలలో పుట్టిన కావ్యాల జాబితాను భద్రపరిచింది; రెండోది గడీలలో నలిగిన జీవితాలను నమోదు చేసింది. వీటిని పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మన విశ్వవిద్యాలయాలలో తక్కువ.

అలాగని పోషణ చరిత్రను కొట్టివేయడం న్యాయం కాదు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ ఒక ప్రాంత ఆత్మగౌరవానికి ఆధారమైంది. సంస్థానాల సాహిత్య వారసత్వం ఆ ఆత్మగౌరవంలో భాగమే. కావ్యం విలువ పోషకుడి దుర్మార్గం వల్ల తగ్గదు. కానీ ఆ కావ్యం పోషకుడి పాలనకు యోగ్యతాపత్రం కాజాలదు.

5. నవల పరిమితులు

సారంగపాణి బయటివాడు. ఊరివాళ్ళకు అలవాటైపోయిన అన్యాయం అతనికి కొత్తగా కనిపిస్తుంది. పాఠకుడికీ అలాగే కనిపిస్తుంది. ఇది శిల్పపరంగా లాభం. నష్టం ఏమిటంటే, వెట్టి చేసేవారు ఎక్కువగా జాలికి పాత్రులుగా కనిపిస్తారు, ఆలోచించే మనుషులుగా తక్కువగా కనిపిస్తారు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో కంఠీరవం ఊళ్ళోనే ఎదిగి చైతన్యవంతుడవుతాడు. అక్కడ ప్రతిఘటన లోపలినుంచి వస్తుంది. రెండు నవలలనూ కలిపి చదివినప్పుడే దొరతనం ఎలా కనిపించిందో, ఎలా కదిలిందో అర్థమవుతుంది.

మరో పరిమితి పైస్థాయి ప్రభువర్గం దృశ్యానికి దూరంగా ఉండడం. అయితే శీర్షికలోని ‘చిల్లర’ అన్న విశేషణం ఆ లోటును కొంత పూరిస్తుంది. చిల్లర దేవుళ్ళు ఉన్నారంటే వారి పైన పెద్ద దేవుళ్ళు ఉన్నారని అర్థం. దొర స్వతంత్రుడు కాడు. ఒక శ్రేణిలో కింది మెట్టు.

6. ఉపసంహారం

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. చట్టం హక్కులను రద్దు చేయగలిగింది గాని, కులీనత చుట్టూ అల్లుకున్న గౌరవభావాన్ని రద్దు చేయలేదు. ఆ భావం సాహిత్య చరిత్ర పాఠాల్లో ‘పోషకులు’ అన్న నిరపాయకరమైన మాటలో ఇంకా నిలిచి ఉంది. పోషణను పరిశోధించేవారు ఆ ధనం ఏ భూమి నుంచి, ఎవరి శ్రమ నుంచి వచ్చిందో కూడా పరిశోధనాంశంగా స్వీకరించాలి. గడీలో వినిపించిన పాటను, ఆ గడీలో వనజ గడిపిన బతుకును ఒకే అధ్యాయంలో బోధించగలిగినప్పుడే ‘చిల్లర దేవుళ్ళు’ను సక్రమంగా చదివినట్లవుతుంది.