నడిమి నట్టు నుంచి కొక్కేల చేతికి

ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ల లారీలు, జమ్మలమడుగు వైపు నుంచి సిమెంటు లోడ్లు, పులివెందుల తోటల నుంచి అరటి గెలల బండ్లు. ఇంత బరువు నలిపిన రోడ్ల మీద తిరిగే కారుకు ముందు షాకబ్జర్లు త్వరగానే నీరసిస్తాయి. స్పీడ్‌బ్రేకరు దాటినప్పుడల్లా చక్రం దగ్గర ‘టక్కు’మంటుంది, బానెట్టు ఒకటికి రెండుసార్లు ఊగుతుంది. షాకబ్జరు మార్చాలంటే దాని చుట్టూ ఉన్న స్ప్రింగును ముందు నొక్కి పట్టుకోవాలి. అందుకు వాడే పనిముట్టు స్ప్రింగ్ కంప్రెసర్. మూరెడు మరచువ్వ, దాని మీద రెండు కొక్కేలు, చివర నట్టు తల. అలాంటివి రెండు కలిపి ఒక జత. ప్రొద్దుటూరు షెడ్లలో గోడ మేకుకు వేలాడుతుంటే ఎవరూ రెండోసారి చూడరు. దాని పని తెలిస్తే మాత్రం చూపు తిప్పుకోలేరు.

ముందు స్ప్రింగు సంగతి. పాత అంబాసిడర్‌కు ముందు చక్రాల దగ్గర టార్షన్ బారు, వెనక కమాను కట్టలు ఉండేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో మెక్‌ఫర్సన్ స్ట్రట్ మన ఊళ్లలో మామూలైపోయింది. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఏర్పాటు అది. షాకబ్జరే ఇక్కడ స్తంభం. దాని నడుముకు ఒక పళ్లెం, పళ్లెం మీద స్ప్రింగు, స్ప్రింగు నెత్తిన పై పళ్లెం, ఆ పైన స్టీరింగుతో పాటు తిరగడానికి బేరింగు, దానిపైన బాడీకి బిగించే రబ్బరు మౌంటు. అన్నిటినీ కలిపి పట్టేది షాకబ్జరు కడ్డీ కొసన ఉన్న ఒకే ఒక్క నట్టు, నడిమి నట్టు. చుట్ట స్ప్రింగు నలిగేటప్పుడు దాని తీగ వంగడం కంటే ఎక్కువగా మెలి తిరుగుతుందన్నది చాలామందికి తెలియని ముచ్చట. అంటే అంబాసిడర్‌లో తిన్నగా ఉన్న టార్షన్ బారే ఇక్కడ చుట్టలు చుట్టుకుని నిలబడింది.

అసలు చిక్కు ఇక్కడుంది. స్ప్రింగు తన సహజమైన పొడవుతో ఆ రెండు పళ్లేల మధ్య పట్టదు. నొక్కి కూర్చోబెట్టాల్సిందే. కారును జాకీ మీద లేపినా, చక్రం గాలిలో వేలాడుతున్నా, స్ట్రట్టు విప్పి బల్ల మీద పడుకోబెట్టినా ఆ నొక్కుడు పోదు. ‘నడిమి నట్టు మాత్రం ముట్టొద్దురా అబ్బీ’ అని పని నేర్చుకునే పిల్లవాడికి మొదటే చెప్పడం అందుకే.

ఆ నొక్కుడు ఎంతో లెక్క వేసుకోవచ్చు. నొక్కిన కొద్దీ ఎదురుతోపు అదే నిష్పత్తిలో పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక్క మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోల బరువు కోరే స్ప్రింగు అనుకుందాం. 150 మిల్లీమీటర్లు నొక్కితే 300 కిలోల తోపు అందులో కాచుకుని ఉంటుంది. దాచుకున్న శక్తి, 22 కిలోల మూటను మీటరు ఎత్తు నుంచి జారవిడిస్తే తగిలేంత. మూట పడటం కళ్లకు కనిపిస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు. స్ప్రింగు జారితే రెప్ప వేసే వ్యవధి కూడా ఇవ్వదు.

ఇంత తోపును ఒక మనిషి చేత్తో లొంగదీసేది మర. మర ఎడం 2 మిల్లీమీటర్లనుకుంటే పానా ఒక చుట్టు తిరిగినప్పుడు కొక్కెం 2 మిల్లీమీటర్లే దగ్గరవుతుంది. పావు మీటరు పానా కొస ఆ ఒక్క చుట్టులో దాదాపు 1570 మిల్లీమీటర్లు నడుస్తుంది. కాగితం మీద బలం 785 రెట్లు కావాలి. నిజంలో అందులో ఎక్కువ భాగాన్ని రాపిడి మింగేస్తుంది. నాకు ఈ పనిముట్టులో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే: ఆ రాపిడే కాపలా కూడా. చేయి తీసేసినా మర వెనక్కి తిరగదు, 300 కిలోలూ అక్కడే ఆగుతాయి. తిప్పేటప్పుడు మర అరిగిపోకుండా గ్రీజు రాయాలి, ఆగినప్పుడు జారకుండా మర వాలు తక్కువగా ఉండాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే ఇనపచువ్వ తీరుస్తుంది. ఎయిర్ గన్ను పెట్టి గిర్రున తిప్పితే మర వేడెక్కి, ఒరుసుకుని, పట్టేస్తుంది. పట్టేసిన మర విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. అందుకే చేతి పానాయే.

కొక్కెం తయారీలోనూ తెలివి ఉంది. దాని లోపలి వంపు తీగ లావుకు సరిపోవాలి, తీగను సగానికి పైగా పొదివి పట్టాలి. మంచి రకాలకు కొక్కెం నోటికి అడ్డంగా పిన్ను ఉంటుంది; తీగ కూర్చున్నాక పిన్ను తోస్తే అది పక్కకు జారలేదు. పిన్ను లేని చవక జతను నేనైతే కొనను. పనికి ముందు కొక్కేల మెడ దగ్గర నెర్రెలున్నాయేమో, మర నలిగిందేమో చూడాలి. స్ప్రింగును కూడా చూడాలి: అడుగు చుట్టు దగ్గర మట్టి, నీరు నిలిచి తుప్పు పట్టి, కొస విరిగి ఉండవచ్చు. విరిగిన స్ప్రింగుకు కొక్కెం తగిలించకూడదు.

ఇక పని. కారును జాకీతో లేపి, బరువును స్టాండ్ల మీదికి దించి, చక్రం తీసి, బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు, స్టెబిలైజర్ లింకు విడదీసి, కింది రెండు బోల్టులూ, పైన మౌంటు చుట్టూ ఉన్న నట్లూ విప్పితే స్ట్రట్టు చేతికొస్తుంది. పళ్లేలు, స్ప్రింగు కొసలు ఎక్కడెక్కడ ఉన్నాయో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. కంప్రెసర్లను ఎదురెదురుగా, సరిగ్గా వృత్తానికి అటూ ఇటూ, వీలైనన్ని ఎక్కువ చుట్లు లోపలికి వచ్చేలా తగిలించాలి. తర్వాత ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ముందుకు లాగితే బండి పక్కకు తిరిగినట్టు, ఒక వైపు ఎక్కువ బిగిస్తే స్ప్రింగు వంకర తిరిగి కొక్కెంలోంచి జారడానికి చూస్తుంది. వంద మిల్లీమీటర్లకు ఒక్కో వైపు 50 చుట్లు. ఓపిక లేనివారి పని కాదు. తల, ఛాతీ స్ప్రింగు కొసలకు ఎదురుగా ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

స్ప్రింగు పళ్లేన్ని వదిలి చేత్తో తిప్పితే వదులుగా కదిలే క్షణం ఒకటి వస్తుంది. అప్పటిదాకా నడిమి నట్టు మోసిన తోపు అంతా కొక్కేల చేతిలోకి మారింది. అలా కదలకపోతే ఇంకా బిగించాలి. నట్టు మీద పానా పెట్టకూడదు. కదిలాక కడ్డీని అలెన్ కీతో ఆపి నట్టు విప్పితే మౌంటు, బేరింగు, పై పళ్లెం, బంపు రబ్బరు వరసగా, శబ్దం లేకుండా వచ్చేస్తాయి. కొత్త షాకబ్జరు పెట్టాక స్ప్రింగు కొస కింది పళ్లెంలోని మెట్టుకు ఆనాలి. కొత్త నట్టును కంపెనీ పుస్తకం చెప్పిన టార్కుకు బిగించాకే, మళ్లీ ఇటు కొంచెం అటు కొంచెంగా కంప్రెసర్లను వదలాలి. ఒక పక్క మార్చితే రెండో పక్కా మార్చడం, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంటు, అందరికీ తెలిసినవే.

పళ్లేల మధ్య స్ట్రట్టును నిలబెట్టి హైడ్రాలిక్ జాకీతో నొక్కే స్టాండు ప్రెస్సు ఇంకా నమ్మకమైనది; బలం నిటారుగా పడుతుంది, పక్కకు జారే బాధ తగ్గుతుంది. సరైన జత, సమయం, పట్టు ఉన్నవారు పైన చెప్పిన వరస తప్పకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా స్ట్రట్టును మాత్రం ఇంట్లో విప్పి, నడిమి నట్టు ముట్టకుండా, స్టాండు ప్రెస్సు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. తాడుతోనో, బైండింగు తీగతోనో స్ప్రింగును కట్టి నట్టు విప్పుతామని ఎవరన్నా అంటే, స్ట్రట్టు చంకన పెట్టుకుని ఇంకో షెడ్డు చూసుకోండి.