ఒక్క అణువు: చూచుట వేరు, పట్టుట వేరు

ఒక్క అణువు విడిచే వెలుగును మామూలు సెల్‌ఫోను కెమేరా పట్టుకొనగలదా? పట్టుకొనగలదని జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన ఫిలిప్ టిన్నెఫెల్డ్, ఆయన సహచరులు 2021లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రకటించిన వ్యాసంలో చూపినారు. ఆ వ్యాసం సాధించినదెంత, సాధింపవలసినదెంత అనునది విచారింపదగిన విషయం.

ప్రతిదీప్తినిచ్చే రంగు అణువు వెలుగు మిక్కిలి మందం. అయితే రెండు వెండి గోళాలను బహు దగ్గరగా నిలిపి కాంతిని ప్రసరింపజేసినచో, లోహంలోని ఎలక్ట్రానులు కాంతితోపాటు ఊగి, నడిమి సందులో కాంతిబలాన్ని అనేక రెట్లు పెంచును. రంగు అణువు సరిగా ఆ సందులోనే ఉండవలెను. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. సందు కొద్ది నానోమీటర్లు మాత్రమే. అక్కడికి అణువును చేర్చు చేయి ఏది?

ఆ చేయి డి.ఎన్.ఏ. అందులో అడినీను థైమీనుతోను, గ్వానీను సైటోసీనుతోను జతపడును. ఈ నియమం ఆధారంగా 2006లో పాల్ రోథెమండ్ ఒక వైరసు డి.ఎన్.ఏ. పోగును సుమారు 200 పొట్టి పోగులతో కుట్టినట్లు మడచి, కోరిన ఆకారాలు చేసినాడు. 2012లో టిన్నెఫెల్డ్ బృందం అట్టి డి.ఎన్.ఏ. స్తంభానికి బంగారు గోళాలు తగిలించి, వెలుగును 117 రెట్ల వరకు పెంచినది. కాని స్తంభమే సందును ఆక్రమించినది. పరీక్షింపవలసిన అణువుకు చోటు కొరవడినది. 2021 నిర్మాణం ఆ సందును ఖాళీ చేసినది. నిజమైన ముందడుగు ఇదే. 8 డాలర్ల కటకంతో, బ్యాటరీతో నడిచే పరికరంలో, మందులకు లొంగని క్లెబ్సియెల్లా బాక్టీరియాకు ప్రత్యేకమైన డి.ఎన్.ఏ.ను వారు గుర్తింపగలిగినారు.

ఇక లోపముల మాట. వెలుగు 461 రెట్లు పెరిగినదను అంకె అందరి నోటను నానును. కాని అది గరిష్ఠం, సగటు 89 మాత్రమే. గోళాల ఆకృతి, సందు వెడల్పు ఏ కొంచెం మారినా ఫలితం మారును. రోగనిర్ణయం ఒక్క మంచి నమూనాపై ఆధారపడరాదు.

రెండవది ఇంకను ముఖ్యం. లీటరుకు 10⁻¹² మోలు గల పలుచని ద్రావణంలో కూడ, ఒక్క మిల్లీలీటరులో సుమారు 60 కోట్ల అణువులుండును. వాటిలో ఒకటి తిరుగాడుచు వచ్చి సందులో చిక్కినప్పుడు చూచుట ఒక పని. గ్లాసెడు నీటిలో ఉన్న ఒకే ఒక అణువును వెదకి పట్టుట మరొక పని. మొదటిదానిని కాంతి సాధించినది. రెండవది విసరణపై, వేచియుండు కాలంపై ఆధారపడును. ఎంత వెలుగు పెంచినను అది తగ్గదు.

'ఒక్క అణువును కనుగొన్నారు' అని చదివిన విద్యార్థి, "ఎన్నింటిలో ఒక్కటి?" అని అడుగవలెను. ఆ ప్రశ్న ఈ కృషిని తక్కువ చేయదు. దాని విలువను సరిగా తూచును.