భౌతికశాస్త్ర ప్రాథమిక పరిభాష : ఒక విమర్శ

శాస్త్రపరిభాషను గూర్చిన చర్చ తెలుగున నూరేండ్లకు పైగా సాగుచున్నది. ఆ చర్చ చాలవరకు ఒక్క ప్రశ్న చుట్టునే తిరిగినది. పదము సంస్కృతమునుండి రావలెనా, అచ్చతెలుగునుండి రావలెనా, లేక ఇంగ్లీషు పదమునే యథాతథముగా గ్రహింపవలెనా అనునదే ఆ ప్రశ్న. పదము ఏ యింటినుండి వచ్చినదని అడిగినవారు పెక్కురు. వచ్చిన పిమ్మట అది యే పని చేయుచున్నదని అడిగినవారు కొందరే. భౌతికశాస్త్రమున మొదటి తరగతులలోనే కనబడు కొన్ని పదములను గ్రహించి, ఈ రెండవ ప్రశ్నను మేము ఇచ్చట పరిశీలింపదలచితిమి.

మా మతమున పరిభాషాపదముల గుణదోషములను ఒంటరిగా నిర్ణయింపరాదు. శాస్త్రము ఒక భావమును దాని ప్రక్కనున్న మరియొక భావమునుండి వేరుచేసి నిలుపును. ఆ భేదమును భాషయు నిలుపగలిగినదా లేదా అనునదే గీటురాయి. కావున పదములను జంటలుగాను కుటుంబములుగాను పరీక్షింపవలెను.

పూర్వకృషి

1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములతో పాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము మొదలగు విషయములపై తెలుగు గ్రంథములను ప్రకటించినది. మండలి మూలపురుషులలో నొకరగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చేపట్టిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మొదటి సంపుటము 1915లో వెలువడినది. కేంద్రప్రభుత్వము శాస్త్రీయ సాంకేతిక పరిభాషకై 1961లో ఒక సంఘమును నెలకొల్పినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల తరగతులకు తెలుగు పాఠ్యగ్రంథములను సమకూర్చినది. పత్రికలును ఆకాశవాణియు తమ వంతు పదములను ప్రచారము చేసినవి. ఇన్ని చేతులు పడిన పరిభాష ఏ యొక్కరి సృష్టియు కాదు. కావున ఇందలి లోపములకు ఏ యొక్కరిని బాధ్యులను చేయుట న్యాయము కాదు.

తర్కమునుండి వచ్చిన పదములు

మన భౌతికశాస్త్ర పదములలో కొన్ని న్యాయవైశేషికములనుండి వచ్చినవి. ఆంధ్రుడని ప్రతీతిగల అన్నంభట్టు తర్కసంగ్రహమున పేర్కొన్న ఇరువదినాలుగు గుణములలో గురుత్వము, ద్రవత్వము, సంస్కారము అనునవి కలవు. అందు సంస్కారము వేగము, భావన, స్థితిస్థాపకము అని త్రివిధము. ఈ పాతపదములు క్రొత్తశాస్త్రమున ఎట్లు ఒదిగినవో చూచుట లాభకరము.

స్థితిస్థాపకత అను పదము మన పరిభాషలో మేలుబంతి. ఇంగ్లీషున 'ఎలాస్టిక్' అను పదమునకు లోకమున సాగునది యను అర్థము స్థిరపడినది. అందుచే ఉక్కు రబ్బరుకంటె ఎక్కువ ఎలాస్టిక్ అని చెప్పినచో విద్యార్థి విస్తుపోవును. స్థితిస్థాపకత యన పూర్వస్థితియందు మరల నిలుపు గుణము. ఒకే కొలతలుగల ఉక్కుతీగను, రబ్బరుతాడును కొంచెముగా ఒకే మేరకు సాగదీసినచో, పూర్వస్థితికి తెచ్చు బలము ఉక్కుతీగయందే ఎన్నో రెట్లు అధికము. ఇచ్చట తెలుగుపదము ఇంగ్లీషుపదముకంటె శాస్త్రార్థమునకు దగ్గరగా నున్నది.

గురుత్వము తర్కమున వస్తువునందే యుండు గుణము. అది పతనమునకు కారణము. 1687లో న్యూటను ప్రతిపాదించినది రెండు వస్తువుల పరస్పరాకర్షణము. మనవారు పాతపదమును విడువక, దానికి ఆకర్షణ యను పదమును చేర్చి గురుత్వాకర్షణ యనిరి. క్రొత్తభావము సమాసమున రెండవ పదముగా వచ్చి చేరినది.

అణువు, పరమాణువు అను జంట ఇంత సుఖముగా లేదు. పాఠ్యగ్రంథములలో పరమాణువు మూలకముయొక్క సూక్ష్మకణము. పరమాణువుల కలయికవలన ఏర్పడునది అణువు. నీటియణువున రెండు హైడ్రోజన్ పరమాణువులును ఒక ఆక్సిజన్ పరమాణువును కలవు. ఏర్పాటు చక్కగా నున్నది. తర్కమున పరమాణువు విభజింపరానిది కదా, 1897లో ఎలక్ట్రాను, 1911లో కేంద్రకము తెలిసిన పిమ్మట ఆ పేరు ఎట్లు చెల్లునని ఆక్షేపింపవచ్చును. 'ఆటమ్' అను గ్రీకుపదమునకును విభజింపరానిదనియే అర్థము. అందుచే ఆ యాక్షేపమునకు బలము లేదు. చిక్కు మరియొకచోట నున్నది. 1945 పిమ్మట వాడుకలోనికి వచ్చిన అణుబాంబు, అణుశక్తి అను పదములలో అణుశబ్దము పరమాణు కేంద్రకమును సూచించుచున్నది. తరగతిలో ఒక యర్థమును, పత్రికలో మరియొక యర్థమును గల పదమును విద్యార్థి మోయవలసివచ్చినది. అణుశక్తి యన నీటియణువువంటి వానియందలి శక్తి యని అతడు తలచినచో తప్పు అతనిది కాదు.

ఆమ్లజని, నత్రజని

అర్థము స్పష్టముగా కనబడు పదమే మంచిదని సామాన్యముగా తలతుము. ఆమ్లజని యను పదము ఈ తలపును పరీక్షకు పెట్టుచున్నది. ఆమ్లములకు ఈ వాయువే మూలమని నమ్మి లవాజియే గ్రీకుధాతువులతో ఆక్సిజన్ అను పేరు పెట్టెను. హైడ్రోక్లోరికామ్లమున ఈ వాయువు లేదని డేవీ పరిశోధనలవలన పిమ్మట తేలినది. ఇంగ్లీషు విద్యార్థికి గ్రీకు రాదు కావున ఆ పొరపాటు పేరులో మూగగా పడియున్నది. మనవారు దానిని ఆమ్లజని యని అనువదించుటతో అది నోరు విప్పి మాటలాడసాగినది. అర్థము పైకి కనబడు పదము మంచిభావమును ఎంత బాగుగా బోధించునో, తప్పుభావమును నంత బాగుగానే బోధించును. నేడు ఈ పదము పాఠ్యగ్రంథములలో ఆక్సిజన్‌కు చోటిచ్చినది. ఆస్పత్రులలోను పత్రికలలోను ప్రాణవాయువు నిలిచినది. నత్రజని మాత్రము ఎరువుల పేరుగా రైతుల నోట స్థిరపడినది. వాడుక నిలుపుకొన్న పదమును పండితులు త్రోయలేరు.

వడి, వేగము

లోకవ్యవహారమున వడి, వేగము పర్యాయములు. ఒకటి దేశ్యము, ఒకటి తత్సమము. భౌతికశాస్త్రమున దిశను లెక్కింపనిది వడి. దిశతో కూడినది వేగము. ఒక భాషలో నుండిన రెండు పర్యాయములకు పని పంచియిచ్చి, క్రొత్తపదము కల్పింపకయే భేదమును సాధించిరి. దేశ్యమునకు సంస్కృతముతో సమానమైన ఆసనము దొరకిన ఈ సందర్భము పరిభాషాకర్తల వివేకమునకు నిదర్శనము.

బోధనకును ఈ జంట అనుకూలము. గానుగెద్దు ఒకే తీరున నడచుచున్నదని యనుకొందము. దాని వడి మారదు. అడుగడుగున దిశ మారుచుండుటచే వేగము మారుచునే యున్నది. ఒక చుట్టు పూర్తియైన తరువాత స్థానభ్రంశము శూన్యము, కనుక ఆ చుట్టునకు సగటు వేగము శూన్యము. సగటు వడి మాత్రము శూన్యము కాదు. వేగమునకు ద్రవ్యపదమును చేర్చి ఏర్పరచిన ద్రవ్యవేగమును మెచ్చదగినదే. ద్రవ్యరాశిని వేగముచే గుణింపవలెనను సూత్రము ఆ పేరులోనే యున్నది.

ద్రవ్యరాశి, భారము

ద్రవ్యరాశి యను పదము న్యూటను ఇచ్చిన నిర్వచనమునకు అనువాదమువలె నున్నది. ఆయన దానిని పదార్థముయొక్క పరిమాణముగా చెప్పెను. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశిగల వస్తువు భూమిపై సుమారు 9.8 న్యూటన్ల భారము కలది. చంద్రునిపై దాని భారము ఇంచుమించు ఆరవవంతు, ద్రవ్యరాశి మారదు. బజారున తక్కెడతో తూచునప్పుడు మనము పోల్చునది ద్రవ్యరాశులను. రెండు పళ్లెములందును ఆకర్షణము సమానముగా తగ్గును గావున తక్కెడ చంద్రునిపైనను అదే ఫలితము నిచ్చును, స్ప్రింగుత్రాసు ఈయదు. ఐనను లోకము రెండింటిని బరువనియే పిలుచును. అందుచే శాస్త్రమునకు లోకమున లేని క్రొత్తపదము అవసరమైనది.

ఇందు రెండు చిక్కులు కలవు. ద్రవ్యము, ద్రవము అనువానికి ఒక యొత్తు మాత్రమే భేదము. అచ్చుతప్పు పడినచో పదార్థము ద్రవమగును. అంతకంటె ముఖ్యమైనది రెండవది. 1971నుండి పదార్థపరిమాణము ప్రత్యేకమైన మూలరాశి; దానికి మోల్ ప్రమాణము. ద్రవ్యమన్నను పదార్థమన్నను విద్యార్థికి ఒకటియే గనుక, ద్రవ్యరాశికిని పదార్థపరిమాణమునకును గల భేదము పేరువలన తెలియదు. పదమును మార్పవలెనని మేము చెప్పము. ద్రవ్యరాశిని జడత్వమునకు కొలతగా మొదటినుండియు బోధించినచో ఈ చిక్కు చాలవరకు తొలగును.

ఉష్ణము, ఉష్ణోగ్రత

ఈ జంటను గూర్చి విస్తరింపనక్కరలేదు. కాకరపువ్వొత్తినుండి రాలు నిప్పురవ్వకు ఉష్ణోగ్రత అధికము, ఉష్ణము అత్యల్పము. అందుచే అది చేతిపై పడినను పెద్దగా బాధింపదు. కాగిన పాలగిన్నె సంగతి వేరు. వాతావరణ వార్తలవలన ఉష్ణోగ్రత నేడు అక్షరములు రానివారికిని పరిచితము. సంస్కృతసమాసము ప్రజలకు ఎక్కదనువారికి ఇది సమాధానము. అల్పపీడనము అట్టిదే. తీరప్రాంతపు రైతునకు, మత్స్యకారునకు ఆ పదము బంగాళాఖాతమున పుట్టి వానను, గాలిని తెచ్చు వస్తువు పేరు. పీడనమను రాశి తగ్గుటయే దాని యర్థమని తరగతిలో చెప్పుట ఉపాధ్యాయుని పని.

బలము, పని, శక్తి, సామర్థ్యము

మన పరిభాషలో నిజమైన లోపము ఈ కుటుంబమున నున్నది. ఫోర్సు బలము, వర్కు పని, ఎనర్జీ శక్తి, పవరు సామర్థ్యము. ఇందు పని అచ్చతెలుగు. సులభమైన పదమే కాని, సులభమైనది గనుకనే తన లోకార్థమును వెంటబెట్టుకొని వచ్చినది. బియ్యపుబస్తాను తలపై నిలిపి కదలక నిలుచున్న హమాలీ ఆ బస్తాపై ఏ పనియు చేయుటలేదని శాస్త్రము చెప్పును. చెమటలు కారుచున్న ఆ మనిషిని చూచిన విద్యార్థి దీని నంగీకరించుటకు కొంత కాలము పట్టును. ఇది పదదోషము కాదు, వివరణతో తీరునది.

శక్తి, సామర్థ్యముల సంగతి అట్టిది కాదు. పాఠ్యపుస్తకములు శక్తిని నిర్వచించుచు, పని చేయగల సామర్థ్యమే శక్తి యని చెప్పుచున్నవి. కొన్ని పుటల తరువాత, పని జరుగు రేటే సామర్థ్యమని చెప్పుచున్నవి. మొదటి వాక్యమున సామర్థ్యము లోకార్థమున వచ్చినది. రెండవ వాక్యమున పారిభాషికార్థమున వచ్చినది. శ్రద్ధగల విద్యార్థి రెండు వాక్యములను కలిపి చదివినచో, శక్తియన పని జరుగు రేటని తేలును. అది అసత్యము. అశ్రద్ధగా కంఠస్థము చేసినవాడు ఈ ప్రమాదమునుండి తప్పించుకొనును, ఆలోచించినవాడు చిక్కుకొనును. ఆలోచనను శిక్షించు నిర్వచనముకంటె హానికరమైనది బోధనలో మరియొకటి లేదు.

తర్కశాస్త్రము లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములను చెప్పినది. సామర్థ్యమును పారిభాషికార్థమున గ్రహించినచో శక్తిలక్షణమునకు అసంభవదోషము. లోకార్థమున గ్రహించినచో పవరునందును చేరుటచే అతివ్యాప్తి. ఎట్లైనను దోషము తప్పదు.

ఈ గందరగోళము మనకే ప్రత్యేకము కాదు. 1847లో హెల్మ్‌హోల్ట్‌జ్ శక్తినిత్యత్వమును గూర్చి వ్రాసిన వ్యాసమున శక్తిని జర్మనుభాషలో బలమను నర్థముగల 'క్రాఫ్ట్' అను పదముతోనే పేర్కొనెను. వారి భాష తరువాత సవరించుకొన్నది. హిందీలో ఎనర్జీకి ఊర్జా, పవరుకు శక్తి. తెలుగున ఎనర్జీయైన శక్తి అచ్చట పవరైనది. ఒకే సంస్కృతపదము భారతభాషలన్నింటిని కలుపునను వాదమునకు ఇది ప్రత్యుదాహరణము.

భేదము పుస్తకములకే పరిమితమైనది కాదు. బల్బుపై వ్రాసిన వాట్లు సామర్థ్యము. విద్యుత్తు బిల్లులోని యూనిట్లు శక్తి. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. 60 వాట్ల బల్బు పది గంటలు వెలిగినచో 0.6 యూనిట్ ఖర్చగును. ఈ లెక్క తెలియనివాడు తన యింటి బిల్లును చదువలేడు.

ఒక ఆక్షేపము

ఫోర్సు, ఎనర్జీ, పవరు అను పదములనే వాడినచో ఈ చిక్కులుండవు కదా యని కొందరందురు. పరీక్షించి చూడవలెను. తెలుగునాట 'పవర్ పోయినది' అనువాని మనస్సున నున్నది విద్యుత్సరఫరా; వాట్లు కావు. 'ఎనర్జీ లేదు' అనువాడు నీరసమును చెప్పుచున్నాడు. ఎరవుపదములును లోకార్థమును మోసికొనియే వచ్చినవి. న్యూటను, వాట్, మోల్ వంటి ప్రమాణనామములు అంతర్జాతీయములు గనుక అట్లే యుండుట ఉచితము. భావముల పేర్ల విషయమున మాత్రము పని ఎరవుతో తీరదు, నిర్వచనముతోనే తీరును.

ముగింపు

స్థిరపడిన పదములను త్రోసి క్రొత్తవానిని తెచ్చుట మాకు సమ్మతము కాదు. సామర్థ్యము పవరుగా నిలిచినది, నిలువనిండు. మార్పవలసినది శక్తినిర్వచనము. ఒక వస్తువు ఎంత పని చేయగలదో అదియే దాని శక్తికి కొలత యని చెప్పినచో ప్రాథమిక తరగతులకు చాలును. సామర్థ్యపదముతో అవసరము లేదు. ఒక కుటుంబమునకు చెందిన పారిభాషికపదము అదే కుటుంబములోని మరియొక పదముయొక్క నిర్వచనమున లోకార్థముతో కనబడరాదను నియమమును పాఠ్యగ్రంథకర్తలు పాటింపవలెనని మా సూచన.

ఈ పని భౌతికశాస్త్రజ్ఞులది మాత్రమే యని తెలుగుశాఖలు ఊరకుండరాదు. అలంకారగ్రంథములలోని లక్షణవాక్యములను అక్షరమక్షరము పరీక్షించుట మన విద్యార్థులకు అలవాటు. ఉపమాలక్షణమున అతివ్యాప్తిని పట్టగలవారు శక్తిలక్షణమునను పట్టగలరు. పాఠశాల విజ్ఞానశాస్త్ర వాచకములలోని నిర్వచనములను ఒక్కొక్క కుటుంబముగా గ్రహించి పరిశీలించుటకు పరిశోధకులు పూనుకొన్నచో, అది తెలుగుశాఖలకు తగిన పరిశోధనవిషయమే యగును.