చంక కింద కుట్టు

ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ (1971)లో నాకు నచ్చింది స్వెట్టర్ల నమూనాల కన్నా, అల్లే స్త్రీ తెలివి మీద ఆవిడకున్న నమ్మకం. ఒంటి చుట్టుకొలతకి 200 కుట్లయితే మణికట్టు దగ్గర సుమారు 40. మిగతా వంతులూ ఇలాగే మనమే లెక్కేసుకోవచ్చు, ఇంకొకరి కొలతలకి లొంగక్కర్లేదు. గుండ్రంగా అల్లుకుపోతే పక్కకుట్లుండవు. యోక్ స్వెట్టర్‌లో చివరికి కలపాల్సినవి చంకల కింద కాసిని కుట్లే. మొద్దుమొన సూదితో, ఊలు బిగిసిపోకుండా, వదులవకుండా, మరో అల్లిక వరసలా కలపాలి. ఎంత బాగా చేస్తే ఆ పని అంతగా కనబడదు, ఇంటిచాకిరీ లాగే! ఆ కుట్టుకి ఇంగ్లీషులో స్థిరపడ్డ పేరు మాత్రం కిచ్‌నర్ కుట్టు. 1914లో బ్రిటన్ యుద్ధమంత్రి అయినాయన. సైనికుల మేజోళ్ళకి వేళ్ళ దగ్గర ఆ కుట్టు వేసింది ఆడవాళ్ళు.