కంప్యూటరు చిత్రములు: నకలెంత? సృష్టి యెంత?

ఉగాది సభలో మన పిల్లలు కంప్యూటరుపై గీసిన చిత్రములను ప్రదర్శించుట ఇటీవల ఆనవాయితీ అయినది. తల్లిదండ్రులు సంతోషించుచున్నారు, మేమును సంతోషించితిమి. అయినను మెచ్చుకోలు వేఱు, విమర్శ వేఱు. పిల్లల మేలు కోరువారు రెండవదానిని కూడ చెప్పవలెను గదా!

ఈసారి చూచిన చిత్రములలో పెక్కింటికి మూలము సవరల ఇడితాల్. రాయగడ జిల్లా గుణుపురము పరిసరములలోని కొండ గ్రామములందు, లాంజియా సవరలు ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో వ్రాయు చిత్రమది. ఒక చట్రము, అందు మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. అది గోడకు అలంకారము కాదు. ఇంట జబ్బు చేసినను, పంట చేతికి వచ్చినను, దేవతలను పితరులను తలచి వారికి అర్పించునది. 2024 జనవరిలో ఈ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మన పిల్లవాడొకడు చేసినదేమి? ఎక్కడనో దొరకిన మనిషి బొమ్మను తెచ్చి నలువది మార్లు అతికించినాడు. నలువదిమందికిని ఒకటే చేయి, ఒకటే నడుము వంపు. గోడమీద చేతితో గీసిన ఇద్దరు మనుష్యులు అచ్చముగా ఒక్కతీరున ఉండరు. చేయి కొంచెము తొణకును, ఆ తొణకుటలోనే ప్రాణమున్నది. ఇది ఎవరికొఱకు గీసితివని అడిగితిమి. శిక్షణకేంద్రములో ఇట్లే నేర్పినారనెను. తప్పు వానిది కాదు.

మేము గుమాస్తాగిరి చేసి పింఛను పుచ్చుకొనుచున్నవారము. నకలునకు, చిత్తుప్రతికి గల భేదము మాకు బాగుగా తెలియును. నకలు వ్రాయువాడు అక్షరము తప్పకున్న చాలును. చిత్తు వ్రాయువానికి విషయము తెలియవలెను. కొట్టివేసిన పంక్తులకు అతడే బాధ్యుడు. మేము జీవితమంతయు ఎక్కువగా నకళ్లే వ్రాసితిమి. కనుకనే పిల్లలకు ఆ గతి వలదనుచున్నాము.

అట్లని యంత్రమును నిందింపము. బుడాపెస్టులో 1924లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్ అను చిత్రకారిణి 1959 నుండియే, యంత్రము లేకుండగనే, తనకు తాను నియమములు విధించుకొని, వాని ప్రకారము చేతితో గీతలు మార్చి మార్చి గీసెను. నిజమైన కంప్యూటరు ఆమెకు 1968లో గాని అందలేదు. ఆంగ్ల చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ ప్రోగ్రాము వ్రాయుట తానే నేర్చి, 1970 దశకము మొదలు 2016లో మరణించువఱకు ఆరన్ అను తన చిత్రలేఖన యంత్రమునకు నియమములు కూర్చుచునే యుండెను. ఇరువురును యంత్రమునకు పని చెప్పిరి గాని, యంత్రమిచ్చినదానిని ఊరక పుచ్చుకొనలేదు.

ఈ విద్య మన వాకిళ్లకు క్రొత్తదా? సందు చుక్క 7 నుండి 4 వఱకు పెట్టిన మెలికల ముగ్గును చూడుడు. చుక్కలు 37. గీత ఏ చుక్కను తాకరాదు, మొదలుపెట్టిన చోటికే తిరిగి రావలెను. ఇది నియమము కాక మఱేమి? పిల్ల ముందు ఆ ముగ్గును నేలపై వేయవలెను. తరువాత నియమమును మాటలలో వ్రాయవలెను. పిమ్మట కంప్యూటరుకు చెప్పవలెను. అప్పుడు ఒక్క నియమము మార్చి, వచ్చిన ఇరువది రూపములలో పందొమ్మిదింటిని త్రోసివేయవలెను. త్రోసివేయుటకు కారణము చెప్పగలిగిననాడు ఆమె చిత్రకారిణి. నేడు మాట చెప్పగనే బొమ్మ గీసి యిచ్చు కృత్రిమ మేధ వచ్చినది. కోరుటయు ఎంచుటయు కొంత పనియే. కాని విందునకు వంటకములు పురమాయించినవాడు వంట నేర్చినవాడు కాడు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ముందు సవరభాష నేర్చిరి. వ్యాకరణము, నిఘంటువు ఆ తరువాతివి. సవరల రేఖను వాడదలచిన మన పిల్లలకును అదియే మార్గము. పోయి చూడవలెను, అడుగవలెను, ఎవరిదో చెప్పవలెను.

ఆ గోడపై ఒక చిత్రము మమ్ము నిలిపినది. తెలుగు చదువరాని పదునాలుగేండ్ల బాలిక గీసినది. నానమ్మ ముగ్గులోని చుక్కలను ఇండ్లుగా చేసి, మెలికను నాగావళిగా మలచి, చివర మాత్రము గీతను కలుపక విడిచినది. రంగులు మితిమీరినవి, అది దోషమే. గీత ఏల కలియలేదని అడిగితిమి. “ఏరు ఇక్కడ ఆగదు కదా తాతగారూ, శ్రీకాకుళం వైపు పోతుంది” అనెను. నియమమును ఎఱిగి, కారణముతో దాటినది. అది ఎవరి నకలును కాదు.

వచ్చే ఉగాదికి ఆ బాలికకు అక్షరములు నేర్పు బాధ్యత మన సంఘమునది. తక్కిన పిల్లలకు చుక్కలు పెట్టుట నేర్పు బాధ్యత మన యిండ్లది.